ఇతర విషయాలు

మునిశామప్ప రాసే మీటింగులన్నీ మునిశామప్ప వంటింట్లోనే జరిగిపోయేవి.

నల్లగుట్లపల్లి పాల సంఘానికి అతడు ఇరవై రెండేళ్ళుగా సెక్రెట్రి. కోలారు జిల్లాలో గౌనిపల్లి దాటి మట్టిదారిలో నాలుగు మైళ్ళు పోతే ఆ ఊరు. సంఘాన్ని అక్కడ ఎవరూ సంఘం అనరు, డైరీ అంటారు. నెలకొకసారి, రెండో గురువారం, పొద్దుటి పాలు పోయడం అయ్యాక డైరీలోనే సభ్యుల మీటింగు. అందులో ఎవరు ఏమన్నారు, ఏమి తీర్మానించారు అని రాసిపెట్టే పుస్తకానికి నడవళి పుస్తకం అని పేరు. గురువారం జరగబోయే మీటింగు బుధవారం మధ్యాహ్నానికే ఆ పుస్తకంలో ఎక్కి కూర్చునేది.

మునిశామప్ప రాగిముద్ద తిని, చెయ్యి కడుక్కొని, వంటింటి గడప పక్కన చాప పరిచి, పీట మీద పుస్తకం పెట్టుకొనేవాడు. హాజరైనవాళ్ళ పేర్లు ఒకటి నుంచి ముప్పైరెండు దాకా వరసగా రాసేవాడు. ఆ ముప్పైరెండు మందిలో పదిమంది వస్తే అది జాతర కిందే లెక్క. రానివాళ్ళు మర్నాడు పాలు పోసేటప్పుడు ఒక చేత్తో క్యాను పట్టుకొని ఇంకో చేత్తో సంతకం పెట్టేవాళ్ళు. అట్లా పెట్టడంలో ఎవరికీ తప్పు కనిపించలేదు. పుస్తకం నిండుగా ఉండేది, మీటింగు తొందరగా ముగిసేది, గొడ్లకు మేత వేళ దాటేది కాదు.

అతని భార్య చిన్నవెంకటమ్మ ఎదురుగా కూర్చొని చేటలో రాగులు చెరిగేది. ఆమె కూడా సభ్యురాలే. ఏడో నంబరు.

"ఏమబ్బా, రేపు ఎవురెవురు ఏమేమి అన్నారు?" అని అడిగేది.

"ప్రెసిడెంటు రామకృష్ణప్ప సూచించినాడు. చిక్కవెంకటప్ప బలపరిచినాడు. అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు."

"చిక్కవెంకటప్ప నిద్దరపోతా ఉంటాడు గదా?"

"నిద్దరలో తల ఊగుతాది గదా. అదే బలపరిచేది."

"నేనేమన్నా?"

"నువ్వు హాజరు."

"అంతేనా?"

"ఇంగేం కావాల నీకు? ఏడు, చిన్నవెంకటమ్మ, హాజరు. చూడు ఎంత అందంగా రాసినానో."

ఆమె చేట పక్కన పెట్టి, మెడ చాచి, చదవరాని ఆ అక్షరాలను చాలాసేపు చూసేది. "అందంగానే ఉండాది. నోరు పెట్టేది మరిచినావు" అనేది.

చిక్కవెంకటప్ప సంగతి ఊరంతా చెప్పుకొనేదే. ఎనభై దాటిన ముసలాయన. డైరీలో ఖాళీ క్యాన్ల వరసకు వీపు ఆనించాడంటే రెండు నిమిషాల్లో కళ్ళు మూతపడేవి. ఒకసారి మీటింగు మధ్యలో ఎవరిదో దూడ లోపలికి వచ్చి ఆయన మొహమంతా నాలుకతో తుడిచేసిందట. కళ్ళు తెరవకుండానే "ఆమోదం" అన్నాడట. గొడ్లకు కృత్రిమ గర్భధారణ చేసే డాక్టరు వారానికి రెండుసార్లు ఊరికి రావాలన్న తీర్మానం అట్లా నెగ్గినదే. దూడ బలపరిచిందని మాత్రం పుస్తకంలో లేదు.

పుస్తకంలో చాలా సంగతులు ఉండేవి కావు. ఆ ఊళ్ళో గొడ్లను అదిలించేది తెలుగులో, తిట్టుకొనేది తెలుగులో, ఏడ్చేది తెలుగులో. పుస్తకం మాత్రం కన్నడం. అది కూడా ఇంట్లో ఎవరూ మాట్లాడని ఆఫీసు కన్నడం. మునిశామప్ప చెవిలో పడిన మాట కలంలోకి దిగేలోపల చొక్కా తొడుక్కొని, తల దువ్వుకొని, పెద్దమనిషి అయిపోయేది. "నీ పాల మిషన్ను ఎత్తి పెంటదిబ్బలో పారెయ్‌రా" అని ఎవరైనా అరిస్తే, "యంత్రపు పనితీరుపై దీర్ఘంగా చర్చించడమైనది" అని పడేది. ఇద్దరు చొక్కాలు పట్టుకొని బయటిదాకా దొర్లితే, "అభిప్రాయ వినిమయం జరిగినది." ఇంక ఏ కన్నడానికీ లొంగనివి, రాస్తే ఎవరికో ఒకరికి గుచ్చుకొనేవి, వాటన్నింటికీ కలిపి చివర ఒకే వాక్యం ఉండేది: "ఇతర విషయాలను చర్చించి సభను ముగించడమైనది."

ఆ చేతిరాత అతనికి కోలారు బంగారు గనుల్లో అబ్బింది. తండ్రి చిత్తూరు వైపు నుంచి గనిపనికి వచ్చినవాడు. అడుగున అంత వేడి ఉండేదని, సద్దిగిన్నెలో పచ్చి రాగిపిండి, నీళ్ళు పోసుకొని దిగితే కిందికి చేరేసరికి ముద్ద తయారయ్యేదని చెప్పేవాడు. కొడుకు కిందికి దిగలేదు. పైన టైమాఫీసులో గుమాస్తా అయినాడు. దిగినవాళ్ళ పట్టీ ఒకటి, ఎక్కి వచ్చినవాళ్ళ పట్టీ ఒకటి. రెండింట్లోనూ పేర్లు సరిపోవాలి. గనులు మూతపడ్డాక ఆ పేర్లు రాసే చెయ్యి ఒక్కటి వెంట పెట్టుకొని భార్య ఊరికి వచ్చేశాడు.

ఇప్పుడు మెట్టు సంగతి.

డైరీ వాకిట్లో రెండు రాతిమెట్లు ఉన్నాయి. పైది మామూలు బండ. కిందిది ఎప్పుడో ఒక పెద్దరెడ్డి ఇంటి వెనక బట్టలుతికిన రాయి. నలభై ఏళ్ళు గుడ్డలు బాది బాది అద్దమైపోయిన రాయి. దాని మీద ఈగ వాలినా కాళ్ళు కూడదీసుకొని జాగ్రత్తగా నిలబడాల్సిందేనని ఊళ్ళో అనుకొనేవాళ్ళు. పైగా అది ముందుకు వాలి ఉండేది. తెల్లారి పాలు ఒలికి, ఆ పాల మీద నీళ్ళు చల్లి, ఆ నీళ్ళ మీద ఎన్నో జతల కాళ్ళు నడిచేవి. మగవాళ్ళు బండి మీద క్యాను తెచ్చి పక్కనుంచి అందించేవాళ్ళు. క్యాను ఎత్తుకొని ఆ మెట్టు ఎక్కేది ఆడవాళ్ళు.

చిన్నవెంకటమ్మ ఈ సంగతి మీటింగులో మూడుసార్లు ఎత్తింది. మూడుసార్లూ మునిశామప్ప "ఇతర విషయాలు" అని రాశాడు. నిజం చెప్పాలంటే రాయలేదు కూడా, ముందురోజే రాసి ఉండింది.

జూలై మొదటి వారంలో, తుంపర పడుతున్న పొద్దున, ఆమె నిండు క్యానుతో ఆ మెట్టు మీద జారింది. తుంటి ఎముక విరిగింది. పడ్డచోటే కూర్చొని, "పాలన్నీ పోయినాయా?" అని అడిగింది. కోలారు ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉంది. తర్వాత ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. ఇరవయ్యో రోజు ఆమె లేదు.

మునిశామప్పకు ఏడుపు రాలేదు. వస్తుందని నాలుగు రోజులు ఎదురుచూశాడు. కూతురు ప్రేమ టేకల్ నుంచి వచ్చి పదకొండు రోజులు ఉండి వెళ్ళింది. వచ్చినవాళ్ళంతా అతని చెయ్యి పట్టుకొని ఏదో చెప్పేవాళ్ళు. అతనికి వాళ్ళ పెదవులు కదలడం కనిపించేది, మాట మాత్రం ఎక్కడో బావి అడుగున పడినట్టు వినిపించేది. పన్నెండో రోజు పొద్దున లేచి, రెండావుల పాలు పితికి, సొట్టపడిన ఆ క్యానులోనే పోసుకొని, ఆ మెట్టే ఎక్కి డైరీకి వెళ్ళాడు. పాలు కొలిచాడు. తన చీటీ తానే రాసుకున్నాడు. ఆకలి వేళకు ఆకలి వేసేది, నిద్ర వేళకు నిద్ర వచ్చేది. అది అతనికి వింతగా కూడా అనిపించలేదు.

ఆగస్టులో మీటింగు జరగలేదు. రాసేవాడు కూర్చోకపోతే మీటింగు ఎక్కడిది!

ఆ నెలాఖరులో సెక్రెట్రిలందరికీ కోలారులో ఒకరోజు శిక్షణ పెట్టారు. నడవళి సరిగ్గా రాయడం ఎట్లా అని. చెప్పడానికి వచ్చినామె నయన. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, చేతిలో సుద్దముక్క తప్ప ఇంకేమీ లేదు. ముళబాగిలు వైపు పిల్ల కాబట్టి తెలుగు, కన్నడం రెండూ కలిపి కొట్టింది.

"మీటింగుకు ముందు రాసేది ఏమేమి మాట్లాడాలనేది మాత్రమే. ఏమి మాట్లాడినారనేది ముందే రాసేవాళ్ళు ఇక్కడ ఎవురూ లేరు గదా?" అని నవ్వింది.

నలభై మంది సెక్రెట్రిలూ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు.

"అన్ని మాటలూ రాయాల్సిన పని లేదు. ఏమి నిశ్చయమైంది, ఎవురు చేస్తారు, ఏ తేదీలోపల. ఈ మూడూ తప్పకూడదు. ఎవురైనా వద్దన్నా, జాగ్రత్త అని చెప్పినా మాత్రం, వాళ్ళ పేరు పెట్టి వాళ్ళ మాటల్లోనే రాయండి. ఇంగొకటి. ఇతర విషయాలు అని రాసేది మానేయండి. అది గోనెసంచి. అందులో ఏముందో మూట కట్టినోళ్ళకే తెలుసు. రెండేళ్ళయితే వాళ్ళూ మరిచిపోతారు."

వెనక నుంచి ఎవరో లేచారు. "మా ఊళ్ళో మీటింగంటే తిట్లే మేడం. అవి గూడా రాయాల్నా?"

"తిట్టు వద్దండి. ఆ తిట్టు ఎందుకొచ్చిందో అది రాయండి."

అందరూ నవ్వారు. మునిశామప్ప తనకిచ్చిన కొత్త పుస్తకం తెరవలేదు, కలం మూత తియ్యలేదు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయేటప్పుడు ఆమె దగ్గర నిలబడ్డాడు.

"పాత మీటింగులో రాయనిది ఇప్పుడు రాయొచ్చునా అమ్మా?"

"పాత పేజీ ముట్టుకోకూడదు. కొత్త మీటింగులో అందరి ముందరా పెట్టి, ఫలానా తేదీన ఫలానా మాట అన్నారు, పుస్తకంలో రాలేదు, ఇప్పుడు చేర్చుకుంటున్నాం అని రాయొచ్చు. అందరూ ఒప్పుకోవాల. ఏమి విడిచిపోయింది సార్?"

"ఏమీ లేదమ్మా" అన్నాడు. బస్సులో అతనికి కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడుగునా కోతకోసిన టమాటా తోటలు పోయాయి. అవి పోయాయని ఇంటికి చేరాక కూడా అతనికి తెలియదు.

సెప్టెంబరు మీటింగుకు రెండు రోజుల ముందు ప్రెసిడెంటు రామకృష్ణప్ప ఇంటికి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. పంతొమ్మిది రోజుల్లో ఏడుసార్లు తన జీపులో కోలారుకు వెళ్ళి వచ్చినవాడు. అరుగు మీద కూర్చొని, తలగుడ్డ తీసి మోకాలి మీద వేసుకొని, దాని అంచు లాగుతూ మాట ఎత్తాడు.

"సంతాప తీర్మానం మొదట పెట్టాల గదప్పా ఈసారి."

"పెడదాం."

"అనారోగ్యంతో అని రాయి, మునిశామీ. ఆసుపత్రి కాగితంలో గూడా నెమ్ము అనే ఉండాది. మెట్టు గిట్టు అని రాస్తే పై ఆఫీసోళ్ళు పుస్తకం చూసి నూరు ప్రశ్నలేస్తారు. పోయినామె ఎట్లాగూ తిరిగి రాదు."

"సరేప్పా."

"నీకేమీ మనసులో లేదు గదా?"

మునిశామప్ప వెతికి చూశాడు. మనసులో ఏమీ కనిపించలేదు. "లేదప్పా" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం చాప పరిచాడు. పీట వేశాడు. చేట గోడకు తగిలించి ఉంది. ఇరవై రెండేళ్ళలో చచ్చిపోయిన పదిమంది సభ్యులకు రాసిన సంతాపాన్నే మళ్ళీ దించాడు: సంఘానికి తీరని లోటు, రెండు నిమిషాల మౌనం, ఆత్మకు శాంతి. అనారోగ్యంతో అన్న మాట దగ్గర కలం ఆగుతుందేమోనని చూశాడు. ఆగలేదు. గుండ్రంగా, అందంగా పడింది. తన చేతిని తానే పక్కింటివాడి చేతిని చూసినట్టు చూశాడు. చివర ఇతర విషయాలు కూడా రాసి, పుస్తకం మూసి, గొడ్లకు నీళ్ళు పెట్టడానికి లేచాడు. రేపు ఎవరు ఏమన్నారని ఎవరూ అడగలేదు.

గురువారం పన్నెండు మంది వచ్చారు. చిన్నవెంకటమ్మ మీద గౌరవంతో ఇద్దరు ఎక్కువే వచ్చినట్టు. చిక్కవెంకటప్ప క్యాన్లకు ఆనుకొని కళ్ళు మూశాడు. గోడ పక్కన, చిన్నవెంకటమ్మ ఎప్పుడూ కూర్చొనే చోట సగం జాగా వదిలి, లక్ష్మీదేవమ్మ కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే గోనెపట్టా మీద కూర్చున్నవాళ్ళు.

మునిశామప్ప నిలబడి చదవడం మొదలుపెట్టాడు. గొంతులో ఎత్తూ పల్లమూ లేదు.

"హాజరైన సభ్యులు. ఒకటి, రామకృష్ణప్ప. రెండు, చిక్కవెంకటప్ప..." ఐదు, ఆరు అయ్యాయి. "ఏడు, చిన్నవెంకటమ్మ."

పాలు చల్లబరిచే యంత్రం గుర్రుమంటున్న చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. మునిశామప్ప పుస్తకంలోకి చూశాడు. ఏడో నంబరు ఎదురుగా ఆమె పేరు ఉంది. తన చేతిరాతే. చెయ్యి అలవాటు కొద్దీ ముప్పైరెండూ రాసేసింది. దిగినవాళ్ళ పట్టీలో ఉన్న పేరు ఎక్కి వచ్చినవాళ్ళ పట్టీలోనూ ఉండాలని దానికి నేర్పిన చదువు అది.

రామకృష్ణప్ప గొంతు సవరించుకొన్నాడు. "ఉండనీలే మునిశామీ. ఆయమ్మ లేని మీటింగు ఈ డైరీలో యాడుండాది? మనకు ఆమె వచ్చినట్టే. ఏమప్పా, అందరికీ సమ్మతమేనా?"

సమ్మతమేనన్నట్టు తలలు ఊగాయి. ఒకరిద్దరు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. లక్ష్మీదేవమ్మ తల ఊపలేదు.

"ఉండనీ అంటే ఎట్లాన్నా? వదినె వచ్చుంటే నోరు మూసుకోని కూసునుంటాదా? మెట్టు గురించి అడిగుండదా? బతికుండంగా పుస్తకంలో మూగదాన్ని చేసినారు. పోయినాక గూడా రప్పించి మూగదాన్ని చేస్తారా?"

"ఇప్పుడు మెట్టు మాట ఎందుకు లక్ష్మీదేవమ్మా..." అన్నాడు రామకృష్ణప్ప.

"ఎందుకా? మూడుసార్లు అడిగిందన్నా ఈ జాగాలో కూసోని. నా తొడ మీద చెయ్యి వేసి మరీ లేచింది. యాడ రాసినారో చదవమను."

మునిశామప్ప పేజీలు వెనక్కి తిప్పాడు. చెప్పినపని చేసినట్టు చదివాడు. "పోయిన సంవత్సరం జూలై. ఇతర విషయాలను చర్చించి సభను ముగించడమైనది." మళ్ళీ తిప్పాడు. "నవంబరు. ఇతర విషయాలను చర్చించి సభను ముగించడమైనది." మళ్ళీ. "ఈ సంవత్సరం ఏప్రిల్. ఇతర విషయాలను చర్చించి..." అక్కడ ఆపి, చివరి మాట కూడా చదివాడు. "ముగించడమైనది."

రామకృష్ణప్ప మెల్లగా అన్నాడు. "చూసినావా అమ్మా. పుస్తకంలో లేదు. లేనిది ఇప్పుడు యాడనుంచి తెచ్చేది? ఏమనిందో ఎవురికి గుర్తుండాది?"

"నాకుండాది" అని క్యాన్ల వైపు నుంచి వినిపించింది.

చిక్కవెంకటప్ప. కళ్ళు మూసుకొనే ఉన్నాడు.

"నీకా మామా?" అన్నాడు రామకృష్ణప్ప. "నువ్వు ఏ మీటింగులో మేలుకోనుంటివి?"

"నేను కండ్లు మూసుకుంటానప్పా. చెవులకు మూతలు యాడుండాయి? ఇరవై రెండేండ్లుగా మీరు కూసిన కూతలన్నీ ఈ బుర్రలోనే ఉండాయి. చెప్పమంటే వరసగా చెప్తా, సాయంత్రం పాల వేళయితాది." ముసలాయన వేలు ఎత్తాడు. "మొదటిసారి, మెట్టు జారతా ఉండాదప్పా, కొంచెం చూడండి, అనింది. రెండోసారి, పోయిన తూరి చెప్తి, మరిచినట్టుండారు, నిన్న లక్ష్మీదేవమ్మ కాలు జారింది, అనింది. మూడోసారి..."

"చాల్లే మామా" అన్నాడు రామకృష్ణప్ప.

"మూడోసారి, ఆడదాని నడుము ఇరిగేదాకా ఆ రాయిని కదిలించరా మీరు, అనింది. దానికి నువ్వు, నీ నడుము గట్టిదిలేమ్మా, అంటివి. అందరూ నవ్వితిరి." చిక్కవెంకటప్ప ఒక కన్ను తెరిచి మునిశామప్ప వైపు చూశాడు. "సెక్రెట్రి గూడా నవ్వినాడు."

మునిశామప్పకు ఆ నవ్వు గుర్తుంది. గుర్తు లేకపోవడం కాదు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో ఆమె ముద్ద వడ్డిస్తూ ఏమీ అనలేదు. నోరు పెట్టేది మరిచినావు అని కూడా అనలేదు. అది ఇప్పుడు అతనికి కనిపిస్తున్నది, దూరంగా, కొండ మీద ఎవరిదో దీపం కనిపించినట్టు. వేడి మాత్రం తగలడం లేదు.

అతడు కింద కూర్చున్నాడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకొన్నాడు. కొత్త పేజీ తిప్పి, తేదీ వేశాడు.

"మునిశామీ, ఏమి రాస్తా ఉండావు?" రామకృష్ణప్ప లేచి వచ్చాడు.

"ఆయన చెప్పింది."

"నేను నవ్వింది గూడానా?"

"నేను నవ్వింది మొదట రాస్తా. దాని కింద నీది."

"నేను ఒప్పుకోను అంటే?"

"అది గూడా రాస్తానప్పా. నీ పేరు పెట్టి, నీ మాటల్లోనే. అట్లనే రాయాలని కోలార్లో చెప్పినారు." బెదిరింపు లేదు ఆ గొంతులో. బస్సు ఎన్ని గంటలకని అడిగినవాడికి చెప్పినట్టు చెప్పాడు.

రామకృష్ణప్ప తలగుడ్డ తీసి, దులిపి, మళ్ళీ చుట్టుకొన్నాడు. అందరి మొహాలూ చూశాడు. అందరూ తమ తమ కాళ్ళ వైపు చూసుకుంటున్నారు. "అయితే నేనేమీ అనలేదు" అన్నాడు.

"ఏమీ అనలేదని రాయొచ్చు" అంది లక్ష్మీదేవమ్మ.

ఎవరో నవ్వబోయి మింగేశారు. మునిశామప్ప రాస్తూనే ఉన్నాడు. మొదటి మాట దగ్గర మాత్రం చిక్కుకున్నాడు. ఆమె మాటను ఆఫీసు కన్నడంలోకి దించబోయాడు. "స్త్రీ సభ్యుల భద్రత దృష్ట్యా..." అని కలం మొదలుపెట్టింది. ఆ మాట చొక్కా తొడుక్కొని నిలబడింది. అందులో ఆమె లేదు. ఆ వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద కన్నడ అక్షరాల్లోనే తెలుగు మాట రాశాడు. మెట్టు జారతా ఉండాదప్పా. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళ మొహాల్లాంటివే కాబట్టి మాట ఎక్కడా ఇరుకున పడలేదు. ఉండాది అన్నచోట ఉండాది అనే పడింది. నల్లగుట్లపల్లి పుస్తకంలో ఆ ఊరి మాట పడటం అదే మొదలు.

మూడు తేదీలు, మూడు మాటలు. వాటి కింద: "అందరూ నవ్వినారు. సెక్రెట్రి మునిశామప్ప, అనగా ఆమె భర్త, నవ్వినాడు. ప్రెసిడెంటు నవ్వినాడు."

తర్వాత వెనక్కి తిప్పి, నిన్నటి సంతాపంలో అనారోగ్యంతో అన్నదాన్ని కొట్టి, డైరీ కింది మెట్టు మీద జారిపడి అని రాశాడు. ఏడో నంబరు మీద కూడా ఒక గీత గీశాడు. గీసేటప్పుడు పన్నెండు మందీ ఆ చేతినే చూశారు. పక్కన "రాలేదు" అని రాశాడు. ఆ తర్వాత రాని మిగతావాళ్ళందరి పేర్లూ ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ పోయాడు. ముప్పైరెండుకు పన్నెండు మిగిలాయి. సంఘం పుట్టాక అంత సన్నని మీటింగు పుస్తకంలో ఎన్నడూ లేదు.

అంతా బిగ్గరగా చదివాడు. చిక్కవెంకటప్ప రెండు కళ్ళూ తెరిచి, "ఆమోదం" అన్నాడు. లక్ష్మీదేవమ్మ చెయ్యెత్తింది. ఒక్కొక్క చెయ్యే లేచింది.

రామకృష్ణప్ప చివరిదాకా కూర్చొని, పుస్తకం తన దగ్గరికి వచ్చాక, కలం పట్టుకొని ఆగాడు. "సంతకం పెడతాలే. దానికి ముందర ఇంగొకటి రాయి. ఆ రాయి మార్చే పని రామకృష్ణప్పది. ఆదివారం లోపల. రాసినావా? ఏదీ, చదువు."

మునిశామప్ప చదివాడు. ఆయన సంతకం పెట్టాడు.

ఆదివారం పొద్దున పాలు పోయడం అయ్యాక నలుగురు గడ్డపారలతో వచ్చారు. కొత్త బండ కోసం రామకృష్ణప్ప ట్రాక్టరు కూడా తెచ్చాడు. పాత రాయి కింద పారలు దూర్చి, ఊపిరి బిగబట్టి ఎత్తారు. రాయి పక్కకు ఒరిగి వెల్లకిలా పడింది.

అడుగు భాగం గరుకుగా ఉంది. ఉలి దెబ్బలు దెబ్బకు దెబ్బ తెలిసేటట్టు, నిన్న చెక్కినట్టు ఉన్నాయి. నలభై ఏళ్ళు బట్టలు బాదింది ఒక పక్కనే. రెండో పక్కను ఇన్నేళ్ళుగా ఎవరూ చూడలేదు.

గడ్డపార పట్టుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్త బండతో పని లేకపోయింది. అదే రాయిని తిరగేసి, కింద రెండు తట్టల కంకర వేసి, సమంగా కూర్చోబెట్టారు. రామకృష్ణప్ప దాని మీద నిలబడి చూశాడు. దిగి, ట్రాక్టరు దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు.

మునిశామప్ప జేబులో నుంచి చీటీ తీశాడు. వచ్చే మీటింగుకు పని పూర్తయిందని రాయాలి కదా. మొదలు ఎనిమిది పది. ముగిసింది ఎనిమిది నలభై. రెండింటి మధ్యా ఎంతసేపో కూడా రాశాడు: అరగంట. ఆ మాటను ఇంకోసారి చదివాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకొన్నాడు.

సాయంత్రం సొట్టక్యాను ఎత్తుకొని వచ్చాడు. చిన్నగా తుంపర పడుతున్నది. లక్ష్మీదేవమ్మ అప్పుడే పాలు పోసి ఖాళీ క్యానుతో పైమెట్టు మీద నిలబడి ఉంది. అతడు చెప్పులు విడిచి, కింది మెట్టు మీద వట్టికాలు పెట్టాడు. ఉలి దెబ్బలు అరికాలికి ఒక్కొక్కటిగా తగిలాయి. రెండు నెలల్లో అతని ఒంటికి తెలిసిన మొదటి సంగతి అదే. ఇంకో కాలు కూడా పెట్టి అక్కడే నిలబడ్డాడు.

"ఎట్లుండాదన్నా?" అంది లక్ష్మీదేవమ్మ.

"గరుగ్గా ఉండాదమ్మా" అన్నాడు.